నలభై ఒకటో రోజు

పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా ఇంట్లో గంజి మాడింది.

తాగే గంజి కాదు, పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు పట్టించేది. గద్వాలలో మా వీధి అంతా నేతవాళ్ళమే. కొత్త పడుగును వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరనివ్వాలి. దానికి ఒక ఇంటి చేతులు చాలవు. ఆ రోజు నా పడుగుకు సాయం పట్టడానికి ఏడెనిమిది మంది వచ్చి బయట నిలబడి ఉన్నారు. గంజి ఇంకా రాలేదేమని నేను లోపలికి వెళ్ళాను. నా భార్య పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. చేతిలో గరిటె ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. అడుగంటిన వాసన ఇల్లంతా నిండినా ఆమెకు తెలియలేదు. ఎదురుగా గోడ గడియారం ఉండడం వల్ల ఆ సమయం నాకు గుర్తుండిపోయింది.

మళ్ళీ గంజి కాచేసరికి ఎండ ఎక్కింది. పడుగు ఆ రోజుకు లాభం లేదని చుట్టి పెట్టాం. పోతూ పోతూ వచ్చినవాళ్ళలో పెద్దాయన మా అమ్మతో అన్నాడు: "వదినా, నీ కోడలికి పొయ్యి కాడనే ఒక మంచం ఏయరాదు? లేసుడు పండుడు తక్లీఫ్ తప్పుతది."

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. నేను కొంచెం నవ్వాను. ఆ నవ్వును ఇప్పటికీ మరచిపోలేదు.

నా భార్యది నాగర్‌కర్నూలు దిక్కు పల్లె. పెళ్ళై వచ్చిన కొత్తలో మా వీధిలో అచ్చు అతకడంలో ఆమెను మించిన మనిషి లేదు. మగ్గం మీద పాత పడుగు అయిపోతున్నప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపడాన్ని అచ్చు అతకడం అంటారు. వేళ్ళకు బూడిద రాసుకుని, చూపు అటు ఇటు పోనీయకుండా, వందల పోగులు కలపాలి. ఆమె మాట్లాడుతూనే కలిపేది. పక్కింటివాళ్ళు కూడా పిలుచుకుపోయేవాళ్ళు.

కూతురు పుట్టిన రెండో ఏడాది నుంచి ఆ వేళ్ళు మందగించాయి. ఒక పూటలో అయ్యే అతుకు రెండు రోజులు పట్టేది. చేతుల తోలు ఎండిపోయి గరుకెక్కింది. చీర అంచుకు వాడే పట్టు పోగు ముట్టుకుంటే వేళ్ళకు పట్టుకుని లేచేది. నూనె రాసుకుంటే పట్టుకు మరక, రాసుకోకపోతే పోగు తెగుడు. చివరికి అమ్మ ఆమెను పట్టు ముట్టవద్దంది. ముఖం ఉబ్బింది. గొంతు బొంగురు పోయి, మాట నెమ్మదించింది. ఏదైనా అడిగితే కాసేపటికి గాని జవాబు రాదు. జుట్టు ఊడింది, కనుబొమ్మల చివరలు పలచబడ్డాయి. ఎండాకాలంలో, వీధిలో కుక్కలు కూడా నీడ వెతుక్కునే వేళ, ఆమె గొంగడి కప్పుకుని కూర్చునేది.

ఇవన్నీ ఒకే జబ్బు చేసే పనులని మాకు తెలియదు. మేము ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టుకున్నాం. ముఖం ఉబ్బితే కొవ్వు అన్నాం. ఆలస్యాన్ని బద్ధకమన్నాం. మాట రాకపోతే పొగరన్నాం. ఒళ్ళు పెరుగుతోందని అమ్మ ఆమెకు అన్నం తగ్గించింది. తక్కువ తిన్నా ఒళ్ళు తగ్గలేదు.

గంజి మాడిన రోజు మధ్యాహ్నం అమ్మ మగ్గం దగ్గరకు వచ్చి నన్ను అడిగింది. "ఏం జేద్దాం బిడ్డా? ఎన్ని దినాలు సూస్తం? తోలియ్ పుట్టింటికి. ఇంకొకతెను తెచ్చుకుందువు."

"దానికి ఒంట్ల మంచిగ లేదేమో అమ్మా."

"మంచిగ లేనిదానికి గంత ఒళ్ళెట్లొస్తదిరా?"

నా భార్య పక్క గదిలో రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. రాట్నం చప్పుడు ఆగింది. కొంతసేపటికి మళ్ళీ మొదలైంది. ఆమె విన్నదని నాకు తెలుసు. ఇంట్లో ఆమె ఉంటుందా పోతుందా అన్నది ఆ పూట నా నోట ఉంది. నేను అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. ముందు దవాఖానకు తీసుకుపోతానని మాత్రం అన్నాను.

అప్పటికి ఊళ్ళో వైద్యుడు నీరు పట్టిందని రెండు రకాల కషాయాలు ఇచ్చి ఉన్నాడు. కొత్తకోట నుంచి నూలు తెచ్చే ఆయన వనపర్తిలో ఒక పెద్ద డాక్టరు ఉన్నాడని చెప్పాడు. ఆషాఢంలో ఒక రోజు రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బండి మాట్లాడుకుని వెళ్ళాం.

డాక్టరు పెద్దవయసు మనిషి, హైదరాబాద్ నుంచి వచ్చినవాడు. ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. ఆమె గడప దాటి నడిచి వస్తుండగానే కుర్చీలో ముందుకు వంగి చూశాడు. నాడి తరువాత పట్టుకున్నాడు.

"ఏమ్మా, చలి పెడ్తదా?"

చాలా సేపటికి ఆమె, "పెడ్తది దొరా," అంది.

"నిద్ర?"

"ఎప్పుడూ వస్తది."

"ఇంట్ల అందరు నిన్ను కామ్‌చోర్ అంటున్నరా?"

ఆ మాట ఆమెకు తెలియలేదు. నేను తెలుగులో చెప్పాను: పనిదొంగ. ఆమె తల వంచుకుంది. డాక్టరు నా వైపు చూసి, "ఆమె దొంగ కాదు," అన్నాడు. "గొంతుల గీడ ఒక చిన్న గ్రంథి ఉంటది. ఒళ్ళును నడిపించే రసం అది ఇస్తది. ఈమెకు అది పని బంద్ చేసింది. గుండె మెల్లగైంది, పేగులు మెల్లగైనయి, తలకాయ మెల్లగైంది. ఈమె ఏం జెయ్యాలె?"

ఇంత చిన్నదాని వల్ల ఇంత అవుతుందా అని అడిగాను. అవుతుందన్నాడు. మందు ఉందన్నాడు. తరువాత, దాచకుండా, ఆ మందు దేనితో చేస్తారో కూడా చెప్పాడు. గొర్రె గొంతులో ఉండే అదే గ్రంథిని ఎండబెట్టి, పొడి చేసి, గోలీలు కడతారు.

మేము మాంసం ముట్టని వాళ్ళం. మా ఇంటికి గుడ్డు కూడా రాదు. నా భార్య నా వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది, కానీ గోలీ అంటే కాదు. ఇక నేను లేచి బయటికి నడుస్తానేమోనని.

"ఎన్ని దినాలు దొరా?" అని అడిగాను.

"దినాల లెక్క లేదు. బతికినన్నాళ్ళు."

నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. ఈ మాట రాయడానికే ఇదంతా రాస్తున్నాను. నాకు తెలియక జరిగిందని ఎవరూ అనుకోకూడదు. నాకు చదువు వచ్చు. మా వీధిలో పుస్తకాలు ఉన్న ఇల్లు మాది ఒక్కటే. కానీ నేను చదివిన వైద్యపు పుస్తకాల్లో ప్రతి మందుకూ ఒక మండలం ఉంటుంది. నలభై రోజులు మందు, పథ్యం. నలభై ఒకటో రోజు తలస్నానం చేసి, పథ్యం విడిచి, మందు ఆపుతారు. అయిపోని మందు ఒకటి ఉంటుందని నా బుద్ధికి అందలేదు. డాక్టర్లు అలాగే చెప్తారు, మళ్ళీ మళ్ళీ రమ్మంటారు అనుకున్నాను. అప్పుడు జరుగుతున్న ప్రపంచ యుద్ధం వల్ల ఈ మందు దొరకడం కష్టమవుతోందని చెప్పి ఆయన వంద గోలీల సీసా ఇచ్చాడు. అయిపోకముందే రావాలన్నాడు.

ఇంట్లో సంగతి చెప్పినప్పుడు అమ్మ చెవులు మూసుకుంది. సాయంత్రం నేనే అన్నాను: "మండలమే గదమ్మా."

అమ్మకు ఆ మాట ఒక దారి చూపింది. మందు కోసం మండలం పాటు తప్పు చేయవచ్చు. తరువాత కడుక్కోవచ్చు. "సరే తియ్," అంది. "నలభై దినాలు. వంటింట్ల కాదు, పెరట్ల మింగాలె. గా నలభై దినాలు నేను ఒక్క పొద్దుంట. పాపం ఏదన్న ఉంటే నాకే రానీ."

ఇది కూడా చెప్పాలి. అమ్మ చెడ్డది కాదు. ఆ నలభై రోజులూ నిజంగానే ఒక్క పూట తిన్నది.

రోజూ పొద్దున నా భార్య పెరట్లో నిలబడి, వేరే పెట్టుకున్న గ్లాసుతో నీళ్ళు తాగి గోలీ మింగేది. నోరు పుక్కిలించి, నుదుటికి విభూది పెట్టుకుని లోపలికి వచ్చేది. అమ్మ గోడ గూట్లో ఒక చింతగింజ వేసేది. అదే లెక్క.

మొదటి పది రోజులు ఏమీ లేదు. పన్నెండో రోజునో పదమూడో రోజునో గొంగడి దానంతటది పక్కకు పోయింది. ఇరవై గింజలు పడేసరికి ముఖం దిగింది. ఆమె ముఖం ఎలా ఉండేదో నాకే గుర్తు లేదని అప్పుడు తెలిసింది. ఒక పొద్దున పెరట్లో నుంచి పాలవాడితో బేరమాడుతున్న గొంతు వినిపించింది. ఎవరో పక్కింటామె అనుకున్నాను. లోపలికి వచ్చింది ఆమె.

"ఏంది గట్ల సూస్తున్నవ్?" అంది.

"గొంతు..."

"గొర్రె గొంతు పెట్టిండు గద మీ డాక్టరు. ఇంకో నాలుగు దినాలైతే 'మే' అంట సూడు."

మా కూతురికి అప్పుడు ఐదేళ్ళు. అది విని "మే, మే" అంటూ తల్లి వెంట తిరిగింది. అమ్మ "నోర్ముయ్ ముండా, ఈదిల ఇంటరు" అని గదిమింది. కానీ అమ్మ ముఖంలో నవ్వుంది.

ముప్పై అయిదో రోజున ఆమె వేళ్ళకు బూడిద రాసుకుని మగ్గం ముందు కూర్చుంది. ఒక పూటకే అతుకు అయిపోయింది. వీధిలోవాళ్ళు వచ్చి చూశారు. మంచం వేయమన్న పెద్దాయన కూడా వచ్చాడు. "ఇగో మామా," అంది ఆమె చేయి ఆపకుండా, "మంచం తెచ్చినవా?" ఆయన నవ్వాడు. "తెస్త బిడ్డా, నాకే పనికొస్తది" అన్నాడు.

ఏం మందని అందరూ అడిగారు. వనపర్తి మందు అని మాత్రం చెప్పాం. దేనితో చేస్తారో చెప్పలేదు. ఎంతకాలం తినాలో ఎవరూ అడగలేదు, ఎందుకంటే అది అందరికీ తెలిసినట్టే ఉండేది.

గూట్లో నలభై గింజలు నిండిన మరునాడు తెల్లవారుజామున బండి కట్టుకుని బీచుపల్లి వెళ్ళాం. కృష్ణలో నీళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. అమ్మ ఆమెకు తలంటి, నదిలో ముంచి, కొత్త చీర ఇచ్చింది. అది నేను నేసిందే. పసుపు రాసింది. అంతవరకు కోడలిని అంత ప్రేమగా తాకడం నేను చూడలేదు. ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాం. చింతగింజలు నదిలో వేశాం. అప్పుడు అమ్మ సంచిలో నుంచి సీసా తీసి నా చేతికిచ్చింది. అందులో ఇంకా అరవై గోలీలు ఉన్నాయి.

"ఇంట్ల ఉండొద్దు ఇది," అంది.

నేను సీసా పట్టుకుని నీళ్ళలో మోకాలి దాకా దిగాను. నా భార్య మెట్టు మీద తడి జుట్టు విదిల్చుకుంటోంది. నాకు మాత్రమే వినిపించేలా అంది: "ఏమయ్యా, ఇంకొన్ని దినాలు తిననా? డాక్టరు గట్ల చెప్పిండు గద."

"మండలం అయిపోయింది గదనే," అన్నాను. "మంచిగైనవ్ గద."

ఆమె తల ఊపింది. సీసా మూత తీసి, నీళ్ళు నిండాక వదిలాను. నదిలో ఏదైనా అలాగే వదలాలని ఎక్కడో చదివాను.

తిరుగు బండిలో ఆమె దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. పుట్టింటి సంగతులు, చిన్నప్పుడు తండ్రితో నాగర్‌కర్నూలు సంతకు పోయిన సంగతులు. నేను అన్నీ వినలేదు. కొంతసేపు నిద్రపోయాను.

జబ్బు వచ్చినప్పుడు ఎలా వచ్చిందో మళ్ళీ అలాగే వచ్చింది. అడుగు చప్పుడు లేకుండా. దసరాకు బాగానే ఉంది. కార్తీకంలో రాట్నం కొంచెం మెల్లగా తిరుగుతోందనిపించింది. చలికాలం కదా అనుకున్నాం. గొంగడి మళ్ళీ బయటికి వచ్చింది. చలికాలంలో గొంగడి ఎవరికి వింత? గొంతు మారింది. పడిశమన్నాం. రోజూ చూసే ముఖంలో రోజుకు ఇంత మార్పు కనబడదు. ఒక రోజు ఆమె పట్టు కండె తీసుకుని, వేళ్ళకు పోగు పట్టుకుంటే, ఎవరూ అనకముందే దాన్ని పక్కన పెట్టి లేచిపోయింది. అది నేను చూశాను. చూసి, వనపర్తి వెళ్ళాలి అనుకున్నాను. మగ్గం మీద చీర సగంలో ఉంది. అది దిగాక వెళ్దామనుకున్నాను.

పుష్య మాసంలో ఎన్నడూ లేనంత చలి పడింది. ఒక పొద్దున పిలిస్తే పలకలేదు. ఊపిరి ఉంది, కానీ చాలా నెమ్మదిగా. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అమ్మ నిప్పుల కుంపటి పెట్టి, అరికాళ్ళు రుద్దింది. "లేవ్ పిల్లా. ఇంక నేనేమనను, జర లేవ్" అని ఎన్నిసార్లు పిలిచిందో. మూడో రోజు మధ్యాహ్నం ఆమె పోయింది.

నెల రోజుల తరువాత నేను ఒక్కడినే వనపర్తి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. తిట్టించుకోవడానికేమో. డాక్టరు గుర్తు పట్టాడు. నా ముఖం చూసి కూర్చోమన్నాడు.

"గోలీలు ఎప్పుడు ఆపినరు?"

"నలభై ఒకటో దినం."

మండలం సంగతి చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. తిట్టలేదు. చాలాసేపు బల్ల మీద కాగితాలు సర్దాడు. తరువాత అన్నాడు: "నేను మందు అన్న. గట్ల అనొద్దుండె. అది మందు కాదయ్యా, తిండి లెక్క. ఒంట్ల పుట్టాల్సింది పుడ్తలేదు, బయట నుంచి ఇస్తున్నం, గంతే. కడుపు నిండింది గద అని రేపటి నుంచి అన్నం బంద్ చేస్తమా?"

ఆ మాట ముందే అని ఉంటే అమ్మకు అర్థమయ్యేది. నాకూ అర్థమయ్యేదేమో. తిండికి మండలం లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను ఆయనను తప్పు పట్టడం లేదు. బతికినన్నాళ్ళు అని చెప్పాడు. అంతకంటే తేట మాట ఇంకొకటి లేదు.

ఆ తరువాత గద్వాలలో గాని, చుట్టుపక్కల గాని, ముఖం ఉబ్బి చలికి ముడుచుకునే ఆడమనిషి కనబడితే ఆ ఇంటివాళ్ళకు చెప్పేవాడిని. కొందరు విన్నారు, కొందరు కోపగించారు. ఆత్మకూరులో ఒక రైతు భార్యను అలాగే వనపర్తికి తోలుకుపోయాను. డాక్టరు అంతా చెప్పాక ఆ రైతు అడిగిన మొదటి మాట, "ఎన్ని దినాలు దొరా?" డాక్టరు నన్ను చూశాడు. నేను ఆ రైతును బయట చెట్టు కిందికి తీసుకుపోయి, మొదటి నుంచి జరిగింది చెప్పాను. ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఆయన భార్య చాలా ఏళ్ళు బతికింది.

అమ్మ నా భార్య గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్కసారి, చివరి రోజుల్లో, కాళ్ళ నొప్పులకు నేను మందు తెస్తే చేతిలో పట్టుకుని అడిగింది: "ఇది ఎప్పుడాపాలెనో అడిగినవా? నీ అంతట నువ్వు అనుకోకు బిడ్డా."

మా కూతురికి ముప్పై దాటాక, ఒక రోజు ఆమె కుడుతున్న గుడ్డకు వేళ్ళు పట్టుకోవడం చూశాను. కనుబొమ్మల చివరలు చూశాను. ఏమీ అనకుండా లేచి చొక్కా వేసుకుని, బయలుదేరు అన్నాను. ఇప్పుడు ఆ గోలీకి గొర్రె అక్కర్లేదట. గింజంత తెల్లటి బిళ్ళ. రోజూ పొద్దున, వంటింట్లోనే, పొయ్యి వెలిగించక ముందు మింగుతుంది. నేను పక్కన ఉంటే మింగినట్టు నాకు చూపించి గ్లాసు కింద పెడుతుంది.

మా ఇంట్లో ఇప్పుడు మందుకు మండలం లెక్క పెట్టడం లేదు. నలభై ఒకటో రోజు తలస్నానం లేదు.